మనసు తిరిగే ఊళ్ళు

1890ల మొదట్లో సంగతి. జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే కుర్రవాడు చదువు మధ్యలో ఆపి సైన్యంలో చేరాడు. ఒకరోజు కవాతులో అతని గుర్రం బెదిరింది. ఫిరంగి బండికి సరిగ్గా ఎదురుగా కింద పడ్డాడు. చక్రం మీదికొచ్చేసి ఆఖరి క్షణంలో ఆగింది. దెబ్బ తగల్లేదు గానీ చావు అంచుదాకా వెళ్ళొచ్చాడు. ఆ సాయంత్రమే ఇంటి నుంచి టెలిగ్రాం వచ్చింది, క్షేమమేనా అంటూ. ఎక్కడో దూరాన ఉన్న తోబుట్టువుకు ఉన్నట్టుండి మనసు కీడు శంకించిందట. అతనికేదో అయిందని పట్టుబట్టి తండ్రి చేత టెలిగ్రాం ఇప్పించింది.

ఆ టెలిగ్రాం బెర్గర్‌ని వదల్లేదు. ఖగోళశాస్త్రం చదవాలనుకున్నవాడు వైద్యంలోకి వచ్చాడు. యేనా నగరంలో మానసిక వైద్యుడిగా స్థిరపడి, మనసు జాడ మెదడులో ఎక్కడైనా దొరుకుతుందా అని ఏళ్ళ తరబడి వెతికాడు. 1924లో మొదటిసారి మనిషి మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేశాడు. 1929లో ఆ సంగతి ప్రకటించాడు. ఒక మనసు నుంచి ఇంకో మనసుకు కబురు ఎలా వెళ్తుందో అతనికి దొరకలేదు. దొరికింది వేరు. కళ్ళు మూసుకుని, ఏ పనీ లేకుండా కూర్చున్న మనిషి మెదడు సెకనుకు దాదాపు పది చొప్పున తరంగాలు గీస్తూనే ఉంది. ఊరికే ఉన్నప్పుడు కూడా మనిషి మెదడు ఊరుకోదని బెర్గర్ గుర్తించాడు.

నాకు ఈ కథలో టెలిగ్రాం కంటే దాన్ని ఇప్పించిన ఆమె ముఖ్యం. ఆమె ఆ పూట ఇంట్లో ఏదో పనిలో ఉండే ఉంటుంది. చేతిలో పని చేతిలోనే ఉంది, మనసు అతని దగ్గరికి వెళ్ళింది. అది దివ్యదృష్టి అని నేననుకోను. ప్రేమించే మనిషి మీదికి మన ధ్యాస రోజుకు ఎన్నిసార్లు పోతుందో లెక్క లేదు, ఆ రోజు అది ప్రమాదంతో కలిసింది. కానీ అన్నిసార్లు ఎందుకు పోతుంది? ఎవరూ పంపకుండా మనసు తనంతట తాను ఎందుకు బయల్దేరుతుంది? ఆ ప్రశ్నకు జవాబు కొంతైనా దొరకడానికి, బెర్గర్ ప్రకటన తర్వాత ఇంకో డెబ్భై ఏళ్ళు పట్టింది.

పరధ్యానంగా ఉన్న మనిషి మెదడు పని మానేసిందనే మనమంతా అనుకుంటాం. శాస్త్రవేత్తలూ చాలాకాలం అలాగే అనుకున్నారు. 1955లో లూయిస్ సోకొలాఫ్, సేమోర్ కెటీ బృందం ఒక పరీక్ష చేసింది. మెదడులోకి వెళ్ళే రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉంది, మెడ సిర గుండా బయటికొచ్చే రక్తంలో ఎంత మిగిలింది అని కొలిచారు. మొదట మనుషుల్ని ఊరికే పడుకోబెట్టి, తర్వాత వాళ్ళ చేత మనసులో లెక్కలు చేయించి కొలిచారు. లెక్కలు చేసేటప్పుడు మెదడు ఎక్కువ ఖర్చు చేస్తుందని ఎవరైనా అనుకుంటారు. మొత్తం మీద తేడా ఏమీ కనబడలేదు.

ఆ తర్వాత కొలతలు ఇంకా స్పష్టమయ్యాయి. శరీరం బరువులో మెదడు 2 శాతం, శరీరం ఖర్చు చేసే శక్తిలో దాని వాటా దాదాపు 20 శాతం. కష్టమైన పని మీద మనసు పెడితే ఆ ఖర్చు పెరిగేది మామూలుగా 5 శాతం లోపే. అంటే ఈ లోపలి ఇంజిన్ అసలు ఇంధనమంతా మనం పని అని పిలవని పనికే పోతోంది.

1990ల్లో, మెదడు పనిని చిత్రాలుగా చూపే పెట్ స్కాన్లలో ఒక వింత బయటపడింది. అప్పట్లో పరిశోధన పద్ధతి తీసివేతే. ఒక మనిషి స్కానర్లో పదాలు చదువుతున్నప్పటి చిత్రంలోంచి, ఊరికే పడుకున్నప్పటి చిత్రాన్ని తీసేస్తే మిగిలేది చదువుకు సంబంధించిన భాగం. ఊరికే పడుకున్న చిత్రం సున్నా అన్నమాట. ఎవరికీ దాని మీద ఆసక్తి లేదు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో మార్కస్ రైకిల్, గోర్డన్ షుల్మన్ మాత్రం ఆ తీసివేతను తిరగేసి చూశారు. ఊరికే ఉన్నప్పుడు ఎక్కువగా పనిచేసి, పని మొదలవగానే తగ్గిపోయే భాగాలు కొన్ని ఉన్నాయి. పని ఏదైనా సరే, తగ్గేవి మళ్ళీ మళ్ళీ అవే భాగాలు. 1997లో షుల్మన్ చాలా ప్రయోగాలను కలిపి చూసి ఈ సంగతి రుజువు చేశాడు. 2001లో రైకిల్ బృందం దానికి ‘డిఫాల్ట్ మోడ్’ అని పేరు పెట్టింది.

ఇంతలో మిల్వాకీలో భరత్ బిశ్వాల్ అనే పరిశోధక విద్యార్థి ఇంకో వైపు నుంచి అక్కడికే వస్తున్నాడు. వేళ్ళు కదిలించేటప్పుడు మెదడులో పనిచేసే భాగాలను ఎఫ్‌ఎంఆర్‌ఐ అనే ఇంకో రకం స్కాన్‌లో గుర్తించాడు. తర్వాత వేళ్ళు కదపకుండా పడుకున్న మనుషుల్లో అవే భాగాలను గమనించాడు. ఎడమ, కుడి వైపుల ఆ భాగాల్లో సంకేతం మెల్లగా పెరుగుతూ తగ్గుతోంది, రెండూ కలిసి పెరుగుతున్నాయి, కలిసి తగ్గుతున్నాయి. చెయ్యి కదలకపోయినా వాటి మధ్య సంభాషణ ఆగలేదు. 1995లో అతను ఇది ప్రకటిస్తే చాలామంది యంత్రంలో గోల అని కొట్టిపారేశారు. 2003లో స్టాన్‌ఫర్డ్‌లో మైకేల్ గ్రీసియస్ బృందం అదే పద్ధతితో రైకిల్ చెప్పిన భాగాలను చూసింది. అవి విడివిడి భాగాలు కావు, ఒకదానితో ఒకటి ముడిపడిన నెట్‌వర్క్ అని తేలింది.

ఆ డిఫాల్ట్ నెట్‌వర్క్ ఇదీ: నుదుటి వెనక, మెదడు రెండు అర్ధగోళాలు ఒకదానికొకటి ఆనుకునే లోపలి గోడల మీద ఒక భాగం. అదే గోడల మీద వెనగ్గా ఇంకొకటి. చెవులకు పైన, కాస్త వెనక, రెండు వైపులా చెరొకటి. వీటితో మాట్లాడుతూ కణతల లోపల జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోకాంపస్. ఈ నెట్‌వర్క్ ఎప్పుడెప్పుడు చురుగ్గా ఉంటుందో చూడండి. జరిగిపోయినదాన్ని గుర్తు చేసుకునేటప్పుడు. జరగబోయేదాన్ని ఊహించుకునేటప్పుడు. ఎదుటి మనిషి మనసులో ఏముందో పోల్చుకునేటప్పుడు. మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు. కథ వింటున్నప్పుడు. ఇవన్నీ ఇక్కడ లేనివాటిని ఇక్కడికి తెచ్చుకునే పనులు. మనసు తిరగడమంటే ఇదే.

ఇది పని మానేయడం కాదనడానికి 2009లో కలీనా క్రిస్టాఫ్ బృందం చేసిన ప్రయోగమే నాకు పెద్ద ఆధారం. స్కానర్లో పడుకున్న మనిషికి తెర మీద ఒకదాని తర్వాత ఒకటి అంకెలు కనబడతాయి. ప్రతి అంకెకూ మీట నొక్కాలి, 3 వస్తే మాత్రం నొక్కకూడదు. అంతే పని. కాసేపటికి వేలు దానంతట అదే నొక్కుతూ పోతుంది, మనసు బయల్దేరుతుంది. మధ్యమధ్యలో ఉన్నట్టుండి తెర మీద ప్రశ్న వస్తుంది: ఇప్పుడు మీ ధ్యాస పని మీదే ఉందా? లేకపోతే, లేదన్న సంగతి మీకు తెలుస్తోందా? ధ్యాస తప్పిన క్షణాల్లో డిఫాల్ట్ నెట్‌వర్క్ చురుగ్గా ఉండటం అందరూ ఊహించిందే. దానితోపాటు పట్టుదలగా ఆలోచించేటప్పుడు, చిక్కుముడి విప్పేటప్పుడు పనిచేసే భాగాలు కూడా చురుగ్గా ఉన్నాయి. ఈ రెండింటిలో ఒకటి లేస్తే ఇంకొకటి తగ్గుతుందని అప్పటిదాకా అనుకున్నారు. మనసు తిరిగేటప్పుడు రెండూ కలిసి లేచాయి. తన మనసు వెళ్ళిపోయిందని మనిషికి తెలియని క్షణాల్లో అయితే అవి మరీ బలంగా కనిపించాయి.

దీనికి ధర లేదని కాదు. 2010లో ఎరిక్ రైకిల్ (మార్కస్ రైకిల్ వేరు), జొనాథన్ స్కూలర్ బృందం కొద్దిమందిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి జేన్ ఆస్టెన్ నవల ఒకటి మొత్తం చదివించి, కళ్ళ కదలికలను నమోదు చేసింది. శ్రద్ధగా చదివే కన్ను అరుదైన మాట దగ్గర ఎక్కువసేపు ఆగుతుంది, తెలిసిన చిన్న మాటను తేలిగ్గా దాటేస్తుంది. మనసు వెళ్ళిపోయిన కన్ను అలా కాదు. వరుస తప్పకుండా సాగుతుంది గానీ ఒక్కో చోట మామూలు కంటే ఎక్కువసేపు నిలుస్తుంది, కష్టమైన మాటకూ తేలిక మాటకూ పెద్ద తేడా చూపదు. పేజీ తిరుగుతుంది, కథ లోపలికి చేరదు. పుస్తకం దగ్గర ఇది ఓ పేజీ నష్టం. బస్సు నడిపేవాడికి, ఆపరేషన్ చేసే డాక్టరుకు అయితే ఇంకొకరి ప్రాణం. ధ్యాస పెట్టాల్సిన చోట పెట్టాలి, అందులో రెండో మాట లేదు.

కానీ బతుకంతా బస్సు నడపడం కాదు. కార్తీకం వస్తోందంటే మా పెద్దమ్మ దూది ముందేసుకుని కూర్చునేది. గింజ తీసిన దూదిని మునివేళ్ళతో విడదీసి, వేళ్ళకు కాస్త విభూతి అద్దుకుని, పీచును సన్నగా సాగదీసి మెలిపెట్టేది. పౌర్ణమికి ఏడాదిలో రోజుకొకటి చొప్పున 365 ఒత్తుల కట్ట వెలిగించాలి. వేళ్ళు ఆగేవి కావు. చూపు మాత్రం ఎదురుగా గోడ మీద ఉండేది, ఒక్కోసారి పెదవులు కదిలేవి. ఓ మధ్యాహ్నం ఉన్నట్టుండి చేతులు ఆగాయి.

“ఏంటి పెద్దమ్మా, ఏం ఆలోచిస్తున్నావు?”

“ఏం లేదే. పెద్దాడి పెళ్ళిలో వడ్డన దగ్గర మీ చిన్నమ్మ ఒక మాటంది. నన్నే అందనుకుని ఇన్నాళ్ళూ మనసులో పెట్టుకున్నాను. అది నన్నన్నది కాదే. తన అత్తగారిని అంది, పాపం. ఆవిడ నా వెనకాలే నిలబడుంది.”

ఆ సాయంత్రం పెద్దమ్మ చిన్నమ్మకు ఫోన్ చేసింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు గానీ చాలాసేపు మాట్లాడుకున్నారు. పాత దృశ్యం మళ్ళీ కళ్ళముందుకు రావడం, అందులో ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో కనబడటం, ఎదుటి మనిషి వైపు నుంచి మాటను మళ్ళీ వినడం, రేపు ఏం చేయాలో తేల్చుకోవడం, అన్నీ ఆ ఒత్తుల మధ్యే జరిగాయి. ప్రయోగశాలల్లో విడివిడిగా కొలిచిన పనులన్నీ ఒక మధ్యాహ్నం ఒకే మనిషిలో జరిగి ఒక పాత నొప్పిని తీసేశాయి. పెద్దమ్మని ఎవరైనా పిలిచి ఆ సమస్య గురించి ఆలోచించమంటే ఆమెకు అది తట్టేది కాదు. చేతులకు తేలిక పని, మనసుకు తీరిక, రెండూ ఉండబట్టి తట్టింది. తేలికైన పని చేస్తూ మనసును తిరగనిచ్చినవాళ్ళకు అంతకుముందు చూసిన సమస్యలకు కొత్త జవాబులు ఎక్కువగా తోచాయని 2012లో బెంజమిన్ బెయిర్డ్ బృందం చూపించింది. ఆ ఫలితం తర్వాతి ప్రయోగాల్లో అన్నిసార్లూ తిరిగి రాలేదు, అందుకని దాని మీద నేను ఎక్కువ బరువు పెట్టను. పెద్దమ్మ ముఖం చూసినదాన్ని, నాకు అది చాలు.

దీనికి ఎదురు నిలిచే సాక్ష్యం బలమైనదే. హార్వర్డ్‌లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ ఐఫోన్ యాప్ ద్వారా 2,250 మందిని రోజులో ఏదో ఒక వేళ పలకరించి అడిగారు: ఏం చేస్తున్నారు, మనసు దాని మీదే ఉందా, సంతోషంగా ఉన్నారా అని. 2010లో ఫలితాలు వచ్చాయి. అడిగిన క్షణాల్లో దాదాపు 47 శాతంలో మనసు పని మీద లేదు. లేనప్పుడు మనుషులు తక్కువ సంతోషంగా ఉన్నారు. తిరిగే మనసు సుఖపడని మనసని వాళ్ళు తేల్చారు.

లెక్క తప్పని నేననను. కానీ సంతోషం ఒక్కటే కొలబద్ద కాదంటాను. కరీంనగర్ దగ్గర ఏదో పల్లెలో ఒక తల్లి కూర తరుగుతోంది, కొడుకు గల్ఫ్‌లో ఎండలో పని చేస్తున్నాడు. కత్తిపీట ముందు కూర్చున్న ఆమె మనసు వాడి దగ్గరికి వెళ్తుంది. తిన్నాడో లేదో అనుకుంటుంది. ఆ క్షణంలో ఫోన్ మోగి సంతోషంగా ఉన్నావా అని అడిగితే ఆమె లేదనే చెబుతుంది. ఆ లేదన్న జవాబును ఆమె మనసు లోపంగా రాసుకుంటే మనం మనిషిని అర్థం చేసుకోనట్టే. ఆమె సుఖం తగ్గింది నిజమే, కొడుకుతో బంధం మాత్రం ఆ క్షణంలోనే నిలబడింది. పైగా 2013లో స్కూలర్ సహచరులు, ముఖ్యంగా మైకేల్ ఫ్రాంక్లిన్, ఇంకో సంగతి చూపించారు. మనసు తనకు ఆసక్తి ఉన్న విషయం మీదికి వెళ్ళినప్పుడు మనుషుల మూడ్ బాగానే ఉంది. అంటే మనసు తిరగడంలో లేదు తేడా, ఎక్కడ తిరుగుతోందన్న దాంట్లో ఉంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించినది లండన్‌లో కార్నీలియా మెకార్మిక్, ఎలనోర్ మగ్వైర్ బృందం 2018లో ప్రకటించిన అధ్యయనం. రెండు వైపులా హిప్పోకాంపస్ దెబ్బతిన్న మనుషులను వాళ్ళు పగలంతా వెంటే ఉండి గమనించారు. ప్రశాంతంగా కూర్చున్న వేళల్లో, ఇప్పుడు మీ మనసులో ఏముందని మెల్లగా అడిగారు. జ్ఞాపకాలు పోయినవాళ్ళ మనసు తిరగదేమో అనుకుంటాం. తిరుగుతుంది, మిగిలినవాళ్ళతో సమానంగా తిరుగుతుంది. కానీ అది వెళ్ళే చోటే వేరు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు చిన్నప్పటి ఇంటికో, వచ్చే వారం ప్రయాణానికో వెళ్ళొచ్చారు, అక్కడి దృశ్యాలు వాళ్ళ కళ్ళముందు నిలిచాయి. వీళ్ళ ఆలోచనలు ఎక్కువగా ఇప్పటి క్షణం చుట్టూనే ఉన్నాయి, దృశ్యాలు లేవు, మాటలే ఉన్నాయి. అంతకుముందు 2007లో మగ్వైర్, డెమిస్ హసాబిస్ ఇలాంటివాళ్ళనే ఒక అందమైన సముద్రతీరంలో పడుకున్నట్టు ఊహించుకోమన్నారు. చాలామందికి ముక్కలు ముక్కలుగా తప్ప తీరం కట్టుకోవడం సాధ్యపడలేదు. జ్ఞాపకం పోతే గతంతో పాటు భవిష్యత్తు కూడా పోతుంది.

నా మాట ఇక్కడే మొదలవుతుంది. మనసు ఎప్పుడూ ప్రయాణంలోనే ఉంటుంది, దాన్ని ఆపలేం. వెళ్ళడానికి దానికి ఊళ్ళు కావాలి. ఆ ఊళ్ళను కట్టేది మనం ధ్యాస పెట్టి బతికిన రోజులే. చూసిన మనుషులు, విన్న కథలు, నడిచిన దారులు, మనసు పెట్టి చదివిన పేజీలు, నోటికి వచ్చిన పద్యాలు, దగ్గర కూర్చుని ఓదార్చిన ఒక మధ్యాహ్నం. ఏకాగ్రతకూ పరధ్యానానికీ వైరం ఉందని మనకు నేర్పారు. నాకు కనబడేది వేరు. నిన్న శ్రద్ధగా చూసినదే ఈ రోజు పరధ్యానంలో తిరిగి వస్తుంది. నిన్న ఏదీ సరిగా చూడని మనసుకు ఈ రోజు వెళ్ళడానికి చోటు తక్కువ. ఖాళీ దొరికిన ప్రతిసారీ ఫోన్ తీసి తెరను పైకి జరుపుతూ పోతే రెండు విధాలా నష్టపోతాం. తిరిగే వేళా పోతుంది, తిరగడానికి కొత్త ఊరూ పుట్టదు.

కొందరి మనసు ఒకే ఊళ్ళో, ఒకే సందులో చిక్కుకుంటుంది. చేసిన తప్పు, పడ్డ అవమానం, పోయిన మనిషి, మళ్ళీ మళ్ళీ అవే. క్రిస్టాఫ్ బృందం 2016లో దీన్ని స్పష్టంగా విడదీసి చెప్పింది. స్వేచ్ఛగా ఒకదాని నుంచి ఒకదానికి సాగేది మనసు తిరగడం. ఒకే ఆలోచన పట్టుకుని వదలకపోవడం దానికి వ్యతిరేకం. డిప్రెషన్‌లో డిఫాల్ట్ నెట్‌వర్క్ పనితీరు మారుతుందని చాలా అధ్యయనాలు చెప్పాయి, ఎలా మారుతుందన్న దాంట్లో అవి ఏకీభవించలేదు. ఒకటి మాత్రం ఖాయం. అలాంటి మనిషికి “అదే ఆలోచించకు” అనే సలహా అక్కరకు రాదు. డాక్టరు కావాలి, పక్కన కూర్చుని ఇంకో సంగతి మొదలుపెట్టే తోడు కావాలి.

ఇక తిరిగి రావడం సంగతి. 2012లో వెండీ హాసెన్‌క్యాంప్ బృందం అలవాటైన ధ్యానులను స్కానర్లో పడుకోబెట్టి, శ్వాస మీద ధ్యాస పెట్టమంది. మనసు వెళ్ళిపోయిందని తెలిసిన వెంటనే మీట నొక్కమంది. ఏళ్ళ సాధన ఉన్నవాళ్ళు కూడా మళ్ళీ మళ్ళీ నొక్కారు. మనసు బయట ఉన్నప్పుడు డిఫాల్ట్ నెట్‌వర్క్ భాగాలు. వెళ్ళిందని తెలిసిన క్షణంలో సేలియన్స్ నెట్‌వర్క్, అంటే ముఖ్యమైనదేదో గుర్తించి హెచ్చరించే భాగాలు. తిరిగి తీసుకొచ్చేటప్పుడు పట్టుదలకు సంబంధించిన భాగాలు. తర్వాత మళ్ళీ మొదటికి. సాధన అంటే వెళ్ళకపోవడమని అనుకుంటాం. ఆ స్కాన్లలో కనబడిన సాధన, వెళ్ళిందని తెలుసుకోవడం, తిరిగి రావడం.

మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు మనసును పట్టడం కష్టమంటే కృష్ణుడు కాదనడు. అది ఎటు పోతే అటు నుంచి తీసుకురమ్మని అంతకుముందే చెప్పాడు, ఇప్పుడు అభ్యాసం చేయమంటాడు. త్యాగరాజు ఎన్నో కీర్తనల్లో తన మనసునే ఎదురుగా నిలబెట్టి అడిగాడు, బతిమాలాడు, మందలించాడు. అలా పలకరించాలంటే ముందు అది ఎక్కడుందో చూడాలి. ఆ చూపు వచ్చిన క్షణం నుంచే మనకు ఎంపిక దొరుకుతుంది. రోడ్డు మీద ఉంటే వెంటనే రావాలి. ఒత్తులు చేస్తుంటే కాసేపు ఉండి, అక్కడి సంగతేమిటో చూసి రావచ్చు.

అందుకే తరగతిలో కిటికీ వైపు చూస్తున్న పిల్లవాడిని పేరు పెట్టి పిలిచి నలుగురిలో నిలబెట్టే టీచర్లను నేను ఒకటే కోరతాను. పాఠం దగ్గరికి తప్పకుండా తీసుకురండి, అది మీ పని. సిగ్గుపడేలా మాత్రం తీసుకురావద్దు. మనసు వెళ్ళడం ఆ పిల్లవాడి తప్పు కాదు, వెళ్ళిందని తనంతట తాను తెలుసుకోవడం వాడు ఇంకా నేర్చుకుంటున్న విద్య. తల్లిదండ్రులను ఇంకొకటి కోరతాను. బడి, ట్యూషన్, హోంవర్క్ మధ్య ఎవరూ ఏమీ అడగని ఒక గంట పిల్లలకు ఉండనివ్వండి. ఆ గంటలో వాళ్ళ మనసు వెళ్ళేందుకు మంచి చోట్లు ఉండేలా, మిగిలిన గంటల్లో వాళ్ళకు కథలు చెప్పండి, వంటింట్లో పనికి పిలవండి, ఊరు తీసుకెళ్ళండి, తాతల దగ్గర కూర్చోబెట్టండి. మెలకువగా ఉన్న జీవితంలో సగానికి దగ్గరగా మనం మనసు తిరిగే ఆ చోట్లలోనే గడుపుతాం. ఆ సగం బాగుండాలంటే, ధ్యాస పెట్టి బతికే మిగతా సగాన్ని దాని కోసం కూడా బతకాలి.